కోతుల తుపాకి పద్యం: టీకా, తాత్పర్యం, కొన్ని కయ్యాలు

మూలం

మోత వచ్చి గుండు ముందుకు రాకున్న
పంటిచక్ర మరుగు పట్టి చూడు
మోత లేక యున్న ముందుగా బ్యాటరీ
తీగ చూడు, పెట్టె తెరవ వలదు

అవతారిక

పాల్వంచ కోతులకు వేళాపాళా లేదు. కిన్నెరసాని వైపు అడవిలో తినడానికి దొరికేది తగ్గిన కొద్దీ అవి ఊరి మీద పడ్డాయి. పవర్ ప్లాంటు క్వార్టర్లలో జామచెట్టు ఉన్న ఇల్లు, ఆరబెట్టిన వడియాలున్న డాబా, తలుపు ఓరగా వేసిన వంటిల్లు వాటికి కంఠతా వచ్చు. దక్షిణాది కోతులకు ఉత్తర హద్దు గోదావరి అని జీవశాస్త్ర గ్రంథాలు రాశాయి గానీ ఆ గ్రంథాలు కోతులు చదవలేదు. అవతలి జాతి ఇవతలికి వచ్చి చాలా కాలమైంది. జనం మొదట కర్ర పట్టారు, తర్వాత టపాసులు కాల్చారు, ఆపైన గులేరు. చివరికి ఆన్‌లైన్‌లో ఎలక్ట్రిక్ బొమ్మ తుపాకి తెప్పించారు. నొక్కితే బర్రుమని నానిన జెల్ గోళీలు చిమ్ముతుంది. నాలుగు రోజులు కోతులు పారిపోయాయి. అయిదో రోజు కోతి అక్కడే ఉంది, తుపాకి పనిచేయలేదు. ఆ సందర్భంలో పుట్టిన ఆటవెలది ఇది.

టీకా రాసేవాళ్లకు మల్లినాథసూరి తాతలాంటివాడు. మన మెదక్ జిల్లా కొల్చారం ఆయనదని చెబుతారు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ముందే మాట ఇచ్చి కాళిదాసును పట్టుకున్నాడు. ప్రస్తుత టీకాకారుడు ఆ మాటలో మొదటి సగానికి వీలైనంతవరకు కట్టుబడతాడు. రెండో సగానికి హామీ లేదు.

కవి, కాలం

కవి పేరు దొరకలేదు. మకుటం కూడా పెట్టుకోలేదు. కాలనీలో అందరూ ఫిట్టరు పెద్దాయన అంటారు. బొగ్గు మిల్లుల మెయింటెనెన్సులో చేసి రిటైరయ్యాడనే విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

కాల నిర్ణయానికి అంతస్సాక్ష్యమే దిక్కు. ‘బ్యాటరీ’ అన్న ప్రయోగం వల్ల ఈయన నన్నయకు తర్వాతివాడని నిస్సందేహంగా చెప్పవచ్చు. ఇంకా దగ్గరికి వెళ్లాలంటే ప్లాంటు చరిత్ర చూడాలి. పాత స్టేషన్ 1966లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. పెరిగి పెరిగి ఎనిమిది యూనిట్లు, 720 మెగావాట్లు అయింది. ముసలిదై ఒక్కో యూనిటే మూతపడ్డాక, దాని ఎనిమిది కూలింగ్ టవర్లనూ 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. పద్యంలో టవర్ల ఊసు లేదు కాబట్టి అవి కూలిన తర్వాతే రాసి ఉంటాడని ఒక పక్షం. పద్యంలో బొగ్గును పిండి చేసే బౌల్ మిల్లు ఊసు కూడా లేదు, అది కొత్త స్టేషన్లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది కదా అని రెండో పక్షం. రెండో పక్షానిదే బలం. పైగా కవి బతికే ఉన్నాడు, అడిగితే చెబుతాడు. కానీ అడిగి తెలుసుకోవడం పరిశోధన అనిపించుకోదు.

ప్రతిపదార్థం

మోత = మోటారు చేయు ధ్వని; వచ్చి = పుట్టి; గుండు = నీట నానిన జెల్ గోళీ; ముందుకు = గొట్టము చివరకు; రాకున్న = వెలువడనిచో; పంటిచక్రము = గేరు యొక్క; అరుగు = అరుగుదలను; పట్టి చూడు = చేత పట్టుకొని పరీక్షింపుము; మోత లేక యున్న = ట్రిగ్గరు నొక్కినను సద్దు లేకున్నచో; ముందుగా = స్క్రూడ్రైవరు ముట్టుకొనుటకు పూర్వమే; బ్యాటరీ తీగ = బ్యాటరీని, దాని తీగను; చూడు = విచారింపుము; పెట్టె = గేర్‌బాక్సును; తెరవ వలదు = విప్పరాదు.

విశేషాలు

‘గుండు’ అన్నచోట తిరుపతి గుండు అని అర్థం చెప్పిన వ్యాఖ్యాత ఒకడున్నాడు. అది గ్రాహ్యం కాదు. ఇక్కడి గుండు ఆవగింజ కన్నా కాస్త పెద్దగా పొట్లంలో వచ్చి, మూడు నాలుగు గంటలు నీళ్లలో నానితే ఏడెనిమిది మిల్లీమీటర్లకు ఉబ్బే పూస. దీనికి అన్న వరస జపాన్‌లో ఉంది. అసలు తుపాకి ఉంచుకోవడానికి కఠినమైన చట్టాలున్న ఆ దేశంలో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఆట తుపాకులు పుట్టాయి. 1991లో టోక్యో మారుయి కంపెనీ ఫ్రెంచి ఫామాస్ రైఫిల్ రూపంలో మోటారు పెట్టిన ఎయిర్‌సాఫ్ట్ తుపాకి తెచ్చింది. గేర్లు, పిస్టన్, స్ప్రింగు ఒకే పెట్టెలో అమర్చి మోటారుతో తిప్పే ఆ ఏర్పాటే, కొద్ది మార్పులతో, చైనా జెల్ తుపాకుల్లో మంచి రకాలకు ఎక్కింది. అక్కడి నుంచి కొరియర్‌లో పాల్వంచకు.

‘అరుగు’ అన్నది ఇంటి ముందు అరుగు కదా, గేరుకు అరుగేమిటని ఒక ఆక్షేపం. అరుగుట ధాతువు నుంచి వచ్చిన నామంగా తీసుకుంటే సరిపోతుంది. కాకపోతే ఈ మరమ్మతంతా జరిగింది కవిగారింటి అరుగు మీదే కాబట్టి శ్లేష ఉందన్నా కాదనలేం.

ఇక ‘మోత’. పద్యానికి ప్రాణం ఈ మాటే. కవి దీన్ని రెండుసార్లు, రెండుసార్లూ పాదం మొదట్లోనే పెట్టాడు. యతి కుదురుతుందని పెట్టాడనుకునేవాళ్లు మెయింటెనెన్సు పని ఎరగనివాళ్లు. బౌల్ మిల్లు అంటే ఇద్దరు మనుషుల ఎత్తు ఇనుప గంగాళం. పక్కన మోటారు, అడుగున వార్మ్ గేర్‌బాక్సు, పైన గిన్నె తిరుగుతుంటే రోలర్ల కింద బొగ్గు పిండి అవుతుంది. సింగరేణి బొగ్గుతోపాటు రాళ్లు, అప్పుడప్పుడూ ఇనుప ముక్కలు వస్తాయి. లోపల ఏం నలుగుతోందో కంటికి కనబడదు. నడుస్తున్న మిల్లును విప్పలేరు, ఆపితే ఆ మేరకు కరెంటు పోతుంది. అందుకని ఫిట్టరు పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు హౌసింగు మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. బేరింగు నిండుగా గ్రీజు తాగిందో, పంటికి పన్ను సరిగా కూర్చుంటోందో ఆ పిడి చెబుతుంది. నలభై ఏళ్లు అలా విన్న చెవికి అరచేయంత గేర్‌బాక్సు ఎంత? మనవడి వరసయ్యే కుర్రాడు తుపాకి తెచ్చి ఇస్తే పెద్దాయన దాన్ని విప్పలేదు. చెవి దగ్గర పెట్టుకుని ట్రిగ్గరు నొక్కాడు.

“ఇప్పినవారా దీన్ని?”

“లేదు తాతా, ఇప్పుదామని...”

“ముందు చెవి పెట్టు. తర్వాత స్క్రూడ్రైవరు పెడుదువు గానీ.”

ఈ సంభాషణే పద్యానికి బీజం అని టీకాకారుడి నమ్మకం.

మోతలు ఎన్ని రకాలో మూలంలో లేదు. అయినా చెప్పక తప్పదు. దానికి ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ట్రిగ్గరు నొక్కితే కాంటాక్టు కలిసి, పిడిలో ఉన్న మోటారు తిరుగుతుంది. దాని కొస మీది చిన్న పినియన్ పళ్లు బెవెల్ గేరును తిప్పుతాయి. బెవెల్ స్పర్ గేరును, స్పర్ సెక్టర్ గేరును. సెక్టర్ గేరుకు పిస్టన్ వైపు చుట్టూ పళ్లుండవు, సగం వరకే ఉంటాయి. ఆ సగం పిస్టన్ అడుగున ఉన్న పళ్లను పట్టుకుని వెనక్కి లాగి స్ప్రింగును నొక్కుతుంది. పళ్లు అయిపోయిన చోట పట్టు వదిలేస్తుంది. పిస్టన్ ఒక్కసారిగా ముందుకు దూకి గాలిని నెడితే, ఆ గాలి గుండును నెడుతుంది. మామూలు గేర్ల సెట్టులో మోటారు 18 చుట్లకు పైగా తిరిగితే గానీ ఒక గుండు బయటపడదు. మోటారు వేగం ఇన్ని మెట్లు దిగి బలంగా మారుతుంది. ఏ మెట్టు విరిగినా మోత మారుతుంది.

ఝుయ్‌మని తేలిగ్గా, ఎక్కడా బరువు తగలనట్టు తిరిగితే మోటారు ఒంటరిగా తిరుగుతోందని అర్థం. పినియన్‌ను మోటారు ఇరుసుకు బిగించే చిన్న గ్రబ్ స్క్రూ వదులై ఉంటుంది, లేదా మోటారు కిందికి జారి పళ్లు కలవడం లేదు. గరగర మధ్యలో టక్‌మని తప్పిపోతూ వస్తే పళ్లు ఊడాయి. చాలాసార్లు ఊడేవి గేరువి కాదు, పిస్టన్‌వి. అది ప్లాస్టిక్కో నైలానో కాబట్టి ఓడిపోయేది అదే. అందుకే కవి ‘పంటిచక్రము’ అనడం అవ్యాప్తి దోషం. పిస్టన్ చక్రం కాదు. అయితే దానికీ పళ్లున్నాయి కనుక ఉపలక్షణంగా గ్రహించాలని సమర్థించుకోవచ్చు. పద్యంలో చోటు చాలలేదు పాపం అని ఊరుకోవచ్చు కూడా.

కీచుమని పళ్లు జివ్వుమనే మోత వేరు. దానికి చాలావరకు పెట్టె విప్పనక్కర్లేదు. తుపాకి పిడి అడుగున ఒక స్క్రూ ఉంటుంది. అది మోటారును పైకి కిందికి జరుపుతుంది. మరీ పైకి బిగిస్తే పినియన్ బెవెల్ గేరు మీద ఒరుసుకుని కీచుమంటుంది, వేడెక్కుతుంది. మరీ దిగితే పళ్ల కొసలే తగిలి కొసలే అరుగుతాయి. పావు చుట్టు తిప్పి విను, మళ్లీ పావు చుట్టు తిప్పి విను అని పెద్దాయన కుర్రాడితో చేయించింది ఇదే. కీచు తగ్గి, మోత లోతుగా, ఒకే తీరుగా వచ్చిన చోట ఆపాలి. అక్కడికీ తగ్గకపోతే లోపల గేర్ల కింద వేసే పల్చటి షిమ్ముల లెక్క తప్పింది, అప్పుడు విప్పక తప్పదు.

టప్ టప్‌మని మోత నిక్షేపంగా ఉండి గుండు మాత్రం రాకపోతే? మొదటి రెండు పాదాల ప్రకారం గేరు చూడాలి. ఇక్కడ టీకాకారుడు కవితో ఏకీభవించడు. గేర్లు బాగుంటేనే కదా అంత చక్కటి మోత వచ్చేది. చూడాల్సింది గోళీలను. సగం నానినవి చిన్నవై జారిపోతాయి, రాత్రంతా నానినవి ఉబ్బి మ్యాగజైన్ మూతి దగ్గరే చితుకుతాయి. చితికిన జెల్ ఎండితే బంక. అదీ కాకపోతే నాజిల్ చూడాలి, పిస్టన్ తలకు ఉండే ఓ-రింగు చూడాలి. రబ్బరు ఎండిపోతే గాలి పక్కనుంచి పోతుంది. దానికి సిలికాన్ గ్రీజు పూయాలి. గేర్లకు వేసే గ్రీజు వేరు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోసినవాళ్లున్నారు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పాల్వంచ ఎండల్లో బానే ఉంటుంది, డిసెంబరు తెల్లవారుజామున పిస్టన్ మీద నెయ్యిలా పేరుకుంటుంది. కోతులు వచ్చేదీ ఆ వేళకే.

రెండో సగం

‘మోత లేక యున్న’ అంటే పూర్తి నిశ్శబ్దం. పాపం గేర్ల మీద అనుమానం పెట్టుకోవడానికి వీల్లేదు, అవి తిరగమన్నా తిరిగే స్థితిలో లేవు. కరెంటు అక్కడికి చేరడం లేదు. ‘బ్యాటరీ తీగ’ను బ్యాటరీ యొక్క తీగ అని షష్ఠీ తత్పురుషగా చెప్పడం కన్నా, బ్యాటరీయును తీగయును అని ద్వంద్వంగా చెప్పడమే మేలు. తీగ ఒక్కటే చూసి బ్యాటరీ వదిలేసేవాళ్లకు తత్పురుష వల్ల చాలా నష్టం జరిగింది. 7.4 వోల్టుల బ్యాటరీ అంటే లోపల రెండు సెల్లులు. నిండుగా ఛార్జి అయితే మల్టీమీటరులో 8.4 చూపాలి. ఆరు చూపిందంటే అడుగంటింది. వోల్టేజి బాగున్నా నొక్కగానే కుప్పకూలే ముసలి బ్యాటరీలూ ఉంటాయి. ఆ తర్వాత ప్లగ్గు పిన్ను లోపలికి జారిందా, ఫ్యూజు పోయిందా, టంకం ఊడిందా చూడాలి. ఉబ్బిన బ్యాటరీ కనబడితే పరీక్షలన్నీ ఆపి దాన్ని ఇంట్లోంచి బయట పెట్టడమే పని.

ఇవన్నీ బాగుంటే మోటారు. ఇది పిడిలో ఉంటుంది, పెట్టెలో కాదు. అడుగు మూత తీస్తే బయటికొస్తుంది. నేరుగా బ్యాటరీకి ముట్టిస్తే తిరిగిందా, మోటారు నిర్దోషి. తిరగకపోతే కార్బన్ బ్రష్షులు అరిగాయా, కమ్యుటేటర్ మీద మసి పట్టిందా చూడాలి. ‘పెట్టె తెరవ వలదు’ అన్న మాట విలువ ఇక్కడ తెలుస్తుంది. ఇంత విచారణా పెట్టె బయటే నడుస్తుంది.

దీనికొక అపవాదం ఉంది. కొన్ని తుపాకుల్లో ట్రిగ్గరు కాంటాక్టులు గేర్‌బాక్సు లోపలే ఉంటాయి. అవి నల్లబడితే మోత రాదు, పెట్టె తెరవకుండా అందవు. కవికి ఈ సంగతి తెలుసు, ‘ముందుగా’ అన్న మాట అందుకే వేశాడు. ముందు ఇవి, ఆపైన కావాలంటే అది.

మోత ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ఒక అవస్థ ఉంది. నొక్కితే టక్‌మంటుంది, లేదా మ్‌మ్‌మని మూలుగుతుంది, తిరగదు. పద్యం దీన్ని పట్టించుకోలేదు. బ్యాటరీ నీరసించి సగం నొక్కిన స్ప్రింగు దగ్గర ఆగిపోతే ఇలాగే అవుతుంది. నిండు ఛార్జితో నొక్కితే చాలాసార్లు తేరుకుంటుంది. ఎవరైనా విప్పి మళ్లీ కట్టేటప్పుడు మోటారు తీగలు తారుమారు చేసినా అంతే. గేరు వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం ఒకటుంది, మోటారు ఉల్టా తిప్పాలని చూస్తుంది, కొక్కెం ఒప్పుకోదు. మూలుగు వినబడగానే వేలు తీసేయాలి. అలాగే నొక్కిపట్టుకుంటే తీగ వేడెక్కి వాసన వస్తుంది, ఆ తర్వాత మోటారు కాలుతుంది. పద్యానికి అయిదో పాదం ఉంటే ఇదే అయ్యేది. ఆటవెలదికి నాలుగే.

పాఠాంతరం

బస్టాండు వైపు ఒక రిపేరు కొట్టులో ఇదే పద్యం గోడ మీద కనిపిస్తుంది. చివరి పాదం మాత్రం ‘పెట్టె తెరవ వలయు’ అని ఉంది. ఛందస్సు చెడలేదు. ‘వలదు’ మూడు లఘువులే, ‘వలయు’ మూడు లఘువులే. అర్థం మాత్రం తలకిందులు. ఇది లేఖక ప్రమాదమని కొందరు, విప్పితేనే మజూరీ కాబట్టి బుద్ధిపూర్వకమని కొందరు. మేనల్లుడి వరసయ్యే ఇంకో కుర్రాడు ఈ గోడ పాఠాన్నే ప్రమాణంగా తీసుకుని, మోత లేని తుపాకిని ఇంట్లో విప్పాడు. గేర్‌బాక్సు రెండు చిప్పలుగా ఉంటుంది. లోపల స్ప్రింగు బిగిసి కూర్చుని ఉంటుంది. ముందు దాని బిగువు వదిలించి, వెనుక రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు దూర్చి పట్టుకుని, చిప్ప మెల్లగా ఎత్తాలి. వాడు ఎత్తాడు, పట్టుకోలేదు. స్ప్రింగు ఫ్యాను రెక్కకు తగిలి అల్మరా వెనక్కి పోయింది. షిమ్ముల్లో ఒకటి పక్కింటి ముగ్గులో దొరికింది. తక్కినవి ఏ గేరు కింద ఎన్ని ఉన్నాయో ఫోటో తీసుకోలేదు కాబట్టి దొరికినా లాభం లేకపోయింది. బ్యాటరీ ప్లగ్గులో పిన్ను ఒకటి వెనక్కి జారి ఉందని తర్వాత తేలింది.

అయినా ‘వలయు’ పాఠాన్ని పూర్తిగా కొట్టేయలేం. ‘వలదు’ను నాలుగు పాదాలకూ చుట్టి, పెట్టె ఎన్నడూ తెరవకూడదనేవాళ్లు కూడా తప్పే. నిషేధం రెండో సగానికే వర్తిస్తుంది. పళ్లు ఊడిన మోత వస్తుంటే, పెట్టె తెరవకుండా పంటిచక్రాన్ని ‘పట్టి చూడు’ అన్న ఆజ్ఞను ఎవరు పాటించగలరు? కవి మొదటి సగంలో చేత్తో పట్టమన్నాడు, రెండో సగంలో కంటితో చూడమన్నాడు. ఈ తేడా గోడ మీద రాసినవాడికి తట్టలేదు. ఊడిన పళ్లతోనే నొక్కుతూ పోతే ఆ ముక్కలు తక్కిన గేర్ల మధ్య పడి మొత్తం సెట్టును నమిలేస్తాయి. అలాంటప్పుడు తెరవక జాగు చేయడమే దోషం.

తాత్పర్యం

తుపాకి చప్పుడు చేసి గుండు విడవకపోతే యంత్రంలో లోపం, చప్పుడే చేయకపోతే కరెంటు దారిలో లోపం. మొదటిదానికి లోపల చూడాలి, రెండోదానికి బయట. పద్యం ఇంతే. దీనికి ఇంత టీకా అవసరమా అంటే, మల్లినాథుడు ఇచ్చిన మాటలో రెండో సగానికి హామీ లేదని మొదటే చెప్పాం.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి తుపాకి బాగుచేసుకున్నవారికి కోతులు పోతాయని కవి అనలేదు. గోళీ మనిషి కంటికైనా కోతి కంటికైనా తగలకూడదని, గురి నేలకో గోడకో పెట్టమని మాత్రం అరుగు మీద అందరికీ చెబుతుంటాడు. మోతే చాలునని ఆయన సిద్ధాంతం. అది కొంతకాలమే చెల్లింది. జామచెట్టు మీది గండు కోతికి ఇప్పుడు గుండు ఉన్న టప్ టప్‌కూ, లేని ఝుయ్‌కూ తేడా తెలుసు. టప్ అంటే గోడ దిగుతుంది. ఝుయ్ అంటే కాయ కొరుకుతూ కూర్చుంటుంది. కాలనీలో ఇప్పుడు ఎవరి తుపాకికైనా జబ్బు చేస్తే ముందు కోతి వంక చూసి, అది కదలకపోతే అప్పుడు పెద్దాయన దగ్గరికి తీసుకుపోతున్నారు.

ఇది పెద్దమ్మతల్లి కటాక్ష లబ్ధ ధైర్యుండును, కిన్నెరసాని జలపాన పుష్టుండును, బొగ్గుధూళి ధూసరిత పుస్తకుండును, మల్టీమీటరు హస్తుండును నగు టీకాకర్తచే రచియింపబడిన కోతుల తుపాకి వ్యాఖ్యానంబునందు సర్వంబును నేకాశ్వాసము.